తెలుఁగువారి వంటయింటఁ గ్రొత్త సరకులు

రాజుల విజయములకు శాసనములు కలవు. దేవతల నైవేద్యములకు దానపత్రములు కలవు. సామాన్యగృహములందుఁ బ్రతిదినము జరిగిన వంటకు మాత్రము వ్రాఁతమూలకమైన సాక్ష్యము మిక్కిలి తక్కువ. పశ్చిమచాళుక్యరాజగు మూఁడవ సోమేశ్వరుఁడు క్రీ. శ. 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమునందు అన్నభోగప్రకరణము కలదు గాని, అది రాజభోజనమును వర్ణించునది. ఒక గృహిణి యెఱుఁగని కాయను దెచ్చి, కొంచెముగా వండి, రుచిచూచి, మఱునాఁడు పాకమును మార్చి, తుదకు ఇంటివారిచే మెప్పించిన విధమును ఎవ్వరును వ్రాసి యుంచలేదు. అట్టి ప్రయత్నముల జాడ కొంతవఱకు భాషయందు నిలిచియున్నది. ఆ జాడను బట్టి మన యిండ్లలోఁ గ్రొత్త వంటకములు పుట్టిన తీరును విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట మిరపకాయను గ్రహింతము. శ్రీకృష్ణదేవరాయలు (పాలనకాలము 1509-1529) ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుఁడు భాగవతులకు ఋతువుల ననుసరించి పెట్టిన విందులను వర్ణించెను. వానకాలమున వరుగులు, వడియములు. వేసవియందుఁ బలుచని యంబలి, ఎలనీరు, నీరుమజ్జిగ, ఊఱగాయలు. చలికాలమున మిరియపుఁబొడి చేర్చిన కూరలు, ఆవ ఘాటుగల పచ్చళ్లు అందుఁ గానఁబడును. ఆ విందులకుఁ గారము నిచ్చినవి మిరియమును ఆవయునే గాని మిరపకాయ కాదు.

మిరపచెట్టు జన్మస్థానము అమెరికాఖండము. 1492లోఁ గొలంబసు అచటి దీవులను జేరుటకుఁ బూర్వము దాని పేరైనను మన దేశమున వినఁబడియుండదు. 1498లో వాస్కోడగామా కళ్లికోటకు వచ్చిన పిమ్మట, పోర్చుగీసువారి వర్తకమువలన, పదునాఱవ శతాబ్దమున నది పడమటితీరపు రేవులలో దిగినదని చరిత్రకారుల యభిప్రాయము.

ఈ పరదేశపుఁ గాయకు దక్షిణదేశీయులు పరదేశపుఁ బేరు పెట్టకపోవుట గమనింపఁదగినది. తమిళులు మిరియమునకుఁ దమ పేరైన మిళగు అనుదానికిఁ గాయశబ్దమును జేర్చి మిళగాయ్ అనిరి. కన్నడిగులు మెణసు అను మాటనుండి మెణసినకాయి అనిరి. తెలుఁగువారి మిరపకాయయు మిరియముతోడి చుట్టఱికమును దెలుపుచునే యున్నది. మూఁడు భాషలవారును ఒక్క త్రోవను నడచుటఁ జూడఁగా, ఆ కాయ మొదట మిరియమునకు బదులుగా వాడఁబడినదని యూహింపవచ్చును. ఆకారమునందు ఈ రెండింటికిఁ బోలిక లేదు. పోలిక పనియందే కలదు. ఆ పనిని గుర్తించినది నాలుక.

ఈ మార్పునకుఁ గారణము రుచి యొక్కటియే కాదు. మిరియపుఁదీఁగ పడమటికనుమల తేమనేలలఁ బెరుగునది. తెలుఁగుదేశమున ననేకులకది కొని తెచ్చుకొనవలసిన సరకు. మిరప పెరటిలోఁ బండును. ఎండలో నాఱఁబెట్టినచో ఏఁడాది నిలుచును. గృహస్థునకుఁ గలిగిన యీ మేలువలననే యది పేదయింటికిఁ గూడఁ గారము నీయఁగలిగినది. నేఁడు గుంటూరుమండలమునకుఁ గీర్తి తెచ్చిన పంట యిదియే.

ఆవకాయ పేరును ఈ దృష్టితోఁ బరిశీలింపవలెను. చూచువారి కందుఁ గానవచ్చునది మిరపకారపు టెఱుపు, పేరునందున్నది ఆవ. ఆవపిండి, ఉప్పు, నూనె చేర్చి కాయలను ఊఱవేయు ప్రాఁత పద్ధతిలోనే కారము తరువాతఁ జేరినదని యీ పేరువలనఁ దోఁచుచున్నది. ఆవ ఘాటు తడి తగిలినప్పుడు పుట్టి, వేఁడికిని గాలమునకును దగ్గిపోవును. మిరపకారము అట్లు ఆవిరియై పోదు. ఏఁడాదిపాటు జాడీలో నుండవలసిన ఊఱగాయకు ఈ గుణ మెంత యుపకారకమో వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

తక్కిన సరకుల పేళ్లును ఇట్టివే. దక్షిణ అమెరికానుండి వచ్చినదానిని, భూమిలోఁ గాయుటచేత వేరుసెనగ యనిరి. మొక్కజొన్న జొన్నతో వియ్యమందినది. జీడిమామిడికి మామిడి పండువలనను, జీడి తన పెంకులోని చర్మమును బొక్కించు రసమువలనను వచ్చినవి. నూనె యను మాట నువ్వుల నెయ్యి యను నర్థమున నేర్పడినది. ఇప్పుడు వేరుసెనగనూనె యనుటలోఁ దొల్లింటి నువ్వు ఎవరికిని జ్ఞప్తికి రాదు. ఒకే దుంప కోస్తావారికి బంగాళాదుంప, రాయలసీమలో ఉర్లగడ్డ, తెలంగాణమున ఆలుగడ్డ. మొదటిపేరు వంగదేశమును, రెండవది తమిళమును, మూఁడవది హిందుస్తానీని దలఁపించుచు, ఏ దెస పరిచయమువలన నేది వచ్చెనో సూచించుచున్నవి.

పేళ్లు పెట్టినవారు వర్తకులో, కర్షకులో కావచ్చును గాని వంటయింటివారే యననేల యని యొకరు ప్రశ్నింపవచ్చును. పేరు వారిదే యగుఁగాక, వంటకము గృహిణిదే. ఆమె క్రొత్త కాయకుఁ గ్రొత్త పాకమును గల్పింపక, పప్పు, పులుసు, వేఁపుడు, పచ్చడి యను ప్రాఁత మూసలలోనే దానిని బోసి చూచినది. టమాటా మామిడికాయపప్పు, చింతచిగురుపప్పుల వరుసలోఁ జేరినది. తానే పుల్లనిదైనను, నిలువపచ్చడియందు దానికిఁ జింతపండు తోడు తప్పలేదు. పనసపొట్టునకుఁ బెట్టెడి ఆవను క్యాబేజీకిఁ బెట్టిరి. బంగాళాదుంప కందవలె, చేమవలె వేఁగినది. ఒక్క ద్రవ్యమును మార్చి తక్కినవానిని నిలుపుటవలన, ప్రయత్నము చెడినను భోజనము పూర్తిగాఁ జెడదు. ఇది కొలఁదిసరకుతో ఇల్లు నడపువారి వివేకము.

క్రొత్తదానికి మేర యొకటి యుండెను. పూరీ జగన్నాథాలయమున మిరప, బంగాళాదుంప, టమాటా నేఁటికిని మహాప్రసాదమునఁ జేరవు. మన కుటుంబములు కొన్నిటిలోఁ దద్దినపు వంటకు మిరపకాయకు మాఱుగా మిరియమునే వాడుదురు. నిత్యభోజనమునఁ బరీక్షయు, పితృకార్యమునఁ బరిరక్షణమును ఒక్క చేతిమీఁదుగనే జరిగినవి. అందుచే శ్రాద్ధపువంట మిరప రాకకు ముందటి రుచులను జూపు సాక్ష్యమువంటిది.

దీనివలనఁ దేలినదేమనఁగా, మనము పూర్వాచారమని యెంచు వంటలలోఁ బెక్కు ఒకనాఁటి క్రొత్త ప్రయత్నములే. ఆచారము నూతనమునకు శత్రువు కాలేదు. దానిని బరీక్షించి, పేరు పెట్టి, తనలోఁ గలుపుకొనినది. ఆ పరీక్షలు చేసిన స్త్రీల పేళ్లు మనకుఁ దెలియవు. వారి నిర్ణయములు మాత్రము మన మాటలలో నున్నవి. ఆ మాటలును ఇప్పుడు చెదరిపోవుచున్నవి. రామములగ యనిన టమాటా యని యెఱిఁగిన వృద్ధులు తగ్గుచున్నారు. కావ్యప్రతులను సేకరించినంత శ్రద్ధతో, ఒక్కొక్క సీమయందలి కూరలపేళ్లను, పాకపదములను, శ్రాద్ధమునకుఁ బనికిరావని విడిచిన ద్రవ్యముల పట్టికలను పెద్దలనడిగి వ్రాసికొనుట భాషాచరిత్రకారుల విధి. ఈ చరిత్రకుఁ దాళపత్రములు లేవు. పెద్దల నోటిమాటయే ప్రతి.