తాగే కెలోరీలు, తినే కెలోరీలు

ఒకే మోతాదు శక్తిని పానీయంగా తాగినప్పుడూ, గట్టి ఆహారంగా తిన్నప్పుడూ శరీరం దాన్ని ఎంత వేగంగా, ఎంత మేరకు ఒంటబట్టించుకుంటుంది, ఆ తర్వాత ఆకలి ఎలా ఉంటుంది అన్న ప్రశ్నకు దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. పానీయాల్లోని కెలోరీలు ఎక్కువగా ఒంటబడతాయని చాలామంది నమ్ముతారు. చక్కెర విషయంలో ఆ నమ్మకం సరికాదు. నీళ్లలో కలుపుకుని తాగినా, మిఠాయిగా నమిలి మింగినా చక్కెర దాదాపు పూర్తిగా చిన్నపేగు గోడల గుండా రక్తంలో చేరుతుంది. తేడా ముఖ్యంగా వేగంలో, కడుపు నిండిందన్న తృప్తిలో కనిపిస్తుంది. గింజల వంటి కొన్నిటి విషయంలో మాత్రం ఒంటబట్టే మొత్తం కూడా మారుతుంది.

కడుపులో జరిగేదాన్ని కళ్లారా చూసే అవకాశం మొదట అమెరికాలోని మాకినాక్ దీవిలో దొరికింది. 1822 జూన్ 6న అక్కడ ఒక తుపాకీ పొరపాటున పేలి, బొచ్చుతోళ్ల వ్యాపారంలో కూలిపని చేసే అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కెనడా యువకుడికి పొట్టలో పెద్ద గాయమైంది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ వైద్యం చేశాడు. ప్రాణం నిలిచింది కానీ జీర్ణాశయానికి పడిన రంధ్రం పూడలేదు. 1825 నుంచి బోమాంట్ ఆ రంధ్రంలోంచే ప్రయోగాలు మొదలుపెట్టాడు. మాంసం, రొట్టె, పచ్చి క్యాబేజీ ముక్కలను పట్టుదారానికి కట్టి లోపలికి దించేవాడు. గంటలు లెక్కబెట్టి పైకి లాగి, ఏది ఎంత కరిగిందో రాసుకునేవాడు. 1833లో అచ్చయిన ఆయన పుస్తకంలో రెండు పరిశీలనలు మన విషయానికి ముఖ్యమైనవి. నీరు, సారాయి వంటివి జఠర రసానికి మారకుండానే త్వరగా జీర్ణాశయం దాటిపోతాయి. పాలు మాత్రం లోపల విరిగి గడ్డకడతాయి. అంటే గ్లాసులో ద్రవంగా ఉన్నదంతా కడుపులోనూ ద్రవంగానే ఉంటుందని అనుకోకూడదు. ఈ జ్ఞానం కోసం తన ఒంటిని అప్పగించి బాధపడిన ఆ కూలిమనిషి పేరు వైద్యుడి పేరుతో సమానంగా నిలవాలి.

19వ శతాబ్దం చివర విల్బర్ అట్వాటర్ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఆహార శక్తిని కొలిచే పద్ధతులను స్థిరపరిచాడు. పిండిపదార్థానికి గ్రాముకు 4, కొవ్వుకు 9, మాంసకృత్తులకు 4 కెలోరీలు అన్న లెక్క అలా వచ్చింది. ఇప్పటికీ ప్యాకెట్ల మీద కనిపించేది అదే. ఆ లెక్క ఆహారంలో ఏముందో చెబుతుంది. అది ద్రవమా, ఘనమా, మెత్తగా రుబ్బినదా అన్నది పట్టించుకోదు. తర్వాతి పరిశోధనలు చాలావరకు ఈ వెలితిని పూరించడానికే సాగాయి.

గట్టి ఆహారాన్ని జీర్ణాశయం కింది భాగం ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువులయ్యే దాకా నలుపుతుంది. ఆ తర్వాతే చిన్నపేగులోకి వదులుతుంది. అందుకే మొదట కొంతసేపు కడుపులోంచి ఏమీ కదలదు. పానీయానికి ఈ ఆగుడు లేదు. అలాగని చక్కెర నీళ్లు ఒక్కసారిగా పేగులోకి దూకవు. శక్తి ఎక్కువున్న ద్రవం నెమ్మదిగా దిగుతుందని హంట్, స్టబ్స్ 1975లో చూపారు. గ్లూకోజు ద్రావణం నిమిషానికి సుమారు 2 కెలోరీల చొప్పున దిగుతుందని 1983 నాటి కొలతలు తేల్చాయి. పేగు గోడ దగ్గర గ్లూకోజు సోడియంతో జతగా కణాల్లోకి ప్రవేశిస్తుందని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించాడు. విరేచనాలైన బిడ్డకు తాగించే ఓఆర్ఎస్ పనిచేసేది ఆ సూత్రం మీదే. ఆ ద్వారం దగ్గరికి చేరాక గ్లూకోజు అన్నం నుంచి వచ్చిందా, షర్బత్ నుంచి వచ్చిందా అన్న భేదం లేదు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా తేటగా కనిపించే ప్రయోగం 1977లో హేబర్, హీటన్ బృందం లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. పదిమందికి ఒకసారి ఆపిల్ పండ్లు, ఒకసారి గుజ్జు, ఒకసారి రసం ఇచ్చారు. పండ్లు తిన్నదానికన్నా 11 రెట్లు వేగంగా, గుజ్జు కన్నా 4 రెట్లు వేగంగా రసం తాగగలిగారు. మూడింటినీ ఒకే వేగంతో తీసుకోమన్నప్పుడు కూడా తృప్తి పండుకే ఎక్కువ, తర్వాత గుజ్జుకు, చివర రసానికి. రక్తంలో గ్లూకోజు మూడింటితోనూ దాదాపు ఒకే ఎత్తుకు పెరిగింది. కానీ రసం, గుజ్జు తీసుకున్నాక ఇన్సులిన్ ఎక్కువగా విడుదలైంది. రసం తాగాక గ్లూకోజు బాగా కిందికి జారింది, పండు తిన్నాక అలా జారలేదు. గుజ్జులో పీచు అంతా ఉంది, దాని నిర్మాణం మాత్రమే చెదిరింది. రసంలో పీచే లేదు.

ఆహార నిర్మాణం ఒంటబట్టే మొత్తాన్ని కూడా మారుస్తుందనడానికి వేరుశనగ సాక్ష్యం. 1980లో లెవిన్, సిల్విస్ కొందరికి ఒకసారి వేరుశనగ గింజలు, ఒకసారి వెన్నలా రుబ్బిన పల్లీల ముద్ద, ఒకసారి నూనె ఇచ్చి మలంలో పోయిన కొవ్వును కొలిచారు. గింజలు తిన్నప్పుడు 17.8 శాతం, ముద్దతో 7 శాతం, నూనెతో 4.5 శాతం కొవ్వు బయటికి పోయింది. నమలడంలో పగలని కణాల గోడల లోపల నూనె చిక్కుకుపోవడమే కారణం. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు బాదం పప్పులోనూ ఇదే చూశారు. 28 గ్రాముల బాదంలో 170 దాకా కెలోరీలని లెక్క ఉండగా, శరీరానికి అందింది 129 మాత్రమే.

బరువు సంగతికొస్తే, 2000లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో డిమెగ్లియో, మాటెస్ చేసిన ప్రయోగాన్నే ఎక్కువమంది ఉదహరిస్తారు. 15 మందికి రోజుకు 450 కెలోరీలను నాలుగు వారాలు కూల్‌డ్రింక్‌గా, మరో నాలుగు వారాలు జెల్లీ మిఠాయిలుగా ఇచ్చారు. మిఠాయిలు తిన్న రోజుల్లో వాళ్లు తమకు తెలియకుండానే మిగతా తిండి ఆ మేరకు తగ్గించారు. కూల్‌డ్రింక్ రోజుల్లో తగ్గించలేదు, బరువు పెరిగారు. చిన్న ప్రయోగమిది. దీన్ని తిరుగులేని రుజువు అనలేం. సియాటిల్‌లో డ్రూనోవ్‌స్కీ బృందం కోలాను బిస్కెట్లతో పోల్చినప్పుడు తర్వాతి భోజనంలో తేడా కనిపించలేదు. సూప్ మరో చిక్కుముడి. ద్రవమైనా అది ఆకలిని బాగానే తీరుస్తుంది. గట్టి భోజనం తిని నీళ్లు తాగే బదులు, అదే భోజనాన్ని నీళ్లతో కలిపి సూప్‌లా మెత్తగా రుబ్బితే నీరు ముందుగా జారిపోక, కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుందని నాటింగ్‌హామ్ శాస్త్రవేత్తలు ఎంఆర్ఐ చిత్రాలతో చూపారు. మనసు పాత్ర కూడా తక్కువది కాదు. తాగింది కడుపులో గట్టిపడుతుందని నమ్మించినప్పుడు అదే పానీయం నెమ్మదిగా దిగిందని, ఆ తర్వాత జనం తక్కువ తిన్నారని మాటెస్ బృందం 2012లో నివేదించింది.

అదే ఏడాది నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లలతో జరిగిన ప్రయోగం, తాగిన చక్కెర బరువు పెంచుతుందనడానికి బలమైన ఆధారాన్నిచ్చింది. రోజూ 250 మిల్లీలీటర్ల తీపి పానీయం 18 నెలలు ఇచ్చారు. చక్కెర ఉన్నది తాగిన పిల్లలు సగటున 7.37 కిలోలు, చక్కెర లేనిది తాగినవాళ్లు 6.35 కిలోలు పెరిగారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పండ్ల రసాల్లోని సహజమైన చక్కెరను కూడా తగ్గించుకోవాల్సిన చక్కెరల్లోనే చేర్చింది.

నమలలేని ముసలివారికి, కోలుకుంటున్న రోగులకు తేలిగ్గా దిగే జావ, పాలు ఎంతో మేలు. ఆకలి తీరకుండానే శక్తి చేరడం వాళ్లకు వరం, తక్కినవాళ్లకే చిక్కు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు పండ్ల రసం కన్నా పండే మేలని చెప్పాయి. 100 మిల్లీలీటర్ల చెరుకు రసంలో 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని కూడా హెచ్చరించాయి. ఆ లెక్కన 250 మిల్లీలీటర్ల గ్లాసుకు 32 గ్రాములు దాటుతుంది. పళ్లు గట్టిగా ఉన్న పిల్లలకు రసం తీసి ఇవ్వకండి, పండునే కోసి ఇవ్వండి.