మయోఫోనస్ (పక్షి ప్రజాతి)

మయోఫోనస్ కొండవాగుల పక్కన బతికే పాటపిట్టల ప్రజాతి. వీటిని విజిలింగ్ థ్రష్‌లు అంటారు. హిమాలయాల నుంచి తైవాన్, జావాల దాకా తొమ్మిది జాతులున్నాయి. తెలుగువాళ్లకు దగ్గరది మలబార్ విజిలింగ్ థ్రష్. దాని అసలు తావు పడమటి కనుమలు. తూర్పు కనుమల్లోనూ అక్కడక్కడా ఉంటుంది. కొత్తగూడెం బొగ్గుగనుల చుట్టూ ఉన్న టేకు అడవుల్లో వెతకాల్సిన పిట్ట కాదు. దానికి జలపాతం, తడిబండ, చిక్కటి నీడ కావాలి.

గోరింక కంటే కాస్త పెద్దది. నీడలో ఒట్టి నల్లపిట్టే. వెలుతురు పడితే నుదుటి మీద, భుజాల మీద నీలం తళుక్కుమంటుంది. పురుగులు, పీతలు, కప్పలు, పండ్లు తింటుంది. తెల్లవారుజామున అది పాడుతుంటే ఎవరో కుర్రాడు తోచక ఈలవేస్తున్నట్టే ఉంటుంది. అంత హాయైన గొంతు మన అడవుల్లో అరుదు.

1821లో థామస్ హార్స్‌ఫీల్డ్ జావాలో దొరికిన ఒక పిట్టను వర్ణించి, టర్డస్ అనే థ్రష్‌ల ప్రజాతిలో చేర్చాడు. మరుసటి ఏడే టెమ్మింక్ దానికి మయోఫోనస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచాడు. 1831లో విగర్స్ మలబార్ పిట్టకు హార్స్‌ఫీల్డ్ పేరు పెట్టాడు. 1872లో హోల్డ్స్‌వర్త్ వర్ణించిన శ్రీలంక జాతిని మొదట అరెంగా అనే వేరే ప్రజాతిలో లెక్కించారు. ఇప్పుడది మయోఫోనస్‌లోనే ఉంది.

కుటుంబం విషయంలోనే అసలు తికమక. 1889లో ఓట్స్ బ్రిటిష్ ఇండియా పక్షుల గ్రంథంలో వీటిని బాబ్లర్ల కుటుంబంలో పెట్టాడు. తర్వాత చాలాకాలం థ్రష్‌లుగానే చూశారు. పొడుగు కాళ్లు, నేలమీద గెంతే నడక చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం: ఒకే రకం బతుకు దూరపు చుట్టాలకూ ఒకే రూపు తెచ్చిపెడుతుంది. 2010లో సాంగ్‌స్టర్ బృందం వంటివారి డీఎన్ఏ పరిశోధనలు చిక్కు విప్పాయి. మయోఫోనస్ థ్రష్ కాదు. ఈగపట్టు పిట్టల కుటుంబం, మస్కికాపిడేకు చెందింది. వాగుల వెంట తిరిగే ఫోర్క్‌టెయిల్‌లు దాని దగ్గరి బంధువులు. కొత్తగూడెం క్వార్టర్ల పెరళ్లలో తోక ఎగరేసే నల్లంచి కూడా ఈ కుటుంబానిదే.

జాతుల లెక్క ఇంకా కదులుతూనే ఉంది. జావా, సుమత్రా, బోర్నియో పిట్టలను ఒకప్పుడు ఒకే జాతి అన్నారు, ఇప్పుడు మూడు చేశారు. హిమాలయాల పసుపుముక్కు పిట్టనూ చైనా నల్లముక్కు పిట్టనూ విడదీయాలా అన్నది ఇంకా చర్చలోనే ఉంది.