వెన్నముద్ద నుంచి వెన్న శాతం దాకా

ఈ ఎపిసోడ్‌లో వంట ఉంది, చరిత్ర కూడా ఉంది. బెల్లం వెన్న ఇంట్లో ఎలా చేసుకోవాలో చివర్లో చెప్తాను. మధ్యలో స్కిప్ చేసి అక్కడికే వెళ్లిపోయినా నేనేమీ అనుకోను. కానీ మధ్యలో మా అమ్మమ్మ ఉంది. ఆవిడని దాటేస్తే వెన్న సంగతి సగమే తెలుస్తుంది.

పోయిన నెలలో ఒక ఆదివారం, పది రోజులుగా ఫ్రిజ్‌లో దాచిన మీగడ తీసి మిక్సీ జార్‌లో వేసి తిప్పాను. మూడు నిమిషాలయింది, ఐదు నిమిషాలయింది, వెన్న పడట్లేదు. జార్ వేడెక్కింది. లోపల తెల్లగా, జిగురుగా ఏదో తయారైంది. అమ్మకి వీడియో కాల్ చేశాను. అమ్మ స్క్రీన్‌లోకి తొంగిచూసి, "చన్నీళ్లు పొయ్యరా. మీ అమ్మమ్మయితే కుండ మీద చెయ్యి పెట్టి చెప్పేది" అంది. ఐస్ నీళ్లు పోశాను. అర నిమిషంలో జార్ చప్పుడు మారిపోయింది. మూత తీస్తే ముద్దలు పైకి తేలి ఉన్నాయి.

ఏం జరిగిందంటే, పాలలో కొవ్వు చాలా చిన్న బిందువులుగా ఉంటుంది. ఒక్కో బిందువు చుట్టూ పల్చటి పొర ఉంటుంది. చిలికినప్పుడు ఆ పొరలు చిరిగి, లోపలి కొవ్వు ఒకదానికొకటి అతుక్కుంటుంది. అదే వెన్న. వేడి ఎక్కువైతే కొవ్వు కరిగి జారిపోతుంది, అతుక్కోదు. మరీ చల్లగా ఉంటే గట్టిపడి కలవదు. క్రీమ్‌ని చిలకడానికి సుమారు 12 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ అనువైన వేడి. అమ్మమ్మ దగ్గర థర్మామీటర్ లేదు. చలికాలం అయితే కాసిని వేడినీళ్లు, ఎండాకాలం అయితే కుండనీళ్లు, ఎప్పుడైనా సరే తెల్లవారుజామునే చిలకడం. "వెన్నతో పెట్టిన విద్య" అని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం! ఆ మాట వాడే మనలో చాలామందికి వెన్న తీయడమే రాదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఋగ్వేదం నాలుగో మండలంలో నెయ్యిని పొగడటానికే ఒక సూక్తం ఉంది. అంటే వెన్న తీయడం, కాచడం అప్పటికే బాగా అలవాటైన పని. మన దగ్గర పచ్చిపాలు ఎండకి సాయంత్రం దాకా కూడా ఆగవు. అందుకే పాలు కాచి, తోడు వేసి, పెరుగు చేసి, ఆ పెరుగునే చిలుకుతూ వచ్చాం. చల్లటి దేశాల్లో చాలాచోట్ల పాలమీద తేలిన మీగడని తీసి దాన్ని చిలికేవాళ్లు. మన వెన్నకి ఉండే ఆ సన్నటి పులుపు పెరుగుది. వెన్న కూడా మన ఎండకి ఆగదు కాబట్టి దాన్ని కాచి నెయ్యి చేసి దాచుకున్నాం. నెయ్యి నెలలు ఉంటుంది, వెన్న మాత్రం ఆ పూటదే. ఎవరు కుండ దగ్గర కూర్చుంటే వాళ్లకే దక్కుతుంది. అందుకే వెన్న కథల్లో ఎప్పుడూ ఒక పిల్లాడు ఉంటాడు.

పదిహేనో శతాబ్దంలో పోతన రాసిన భాగవతంలో గోపికలు వరసగా యశోద దగ్గరికొచ్చి మీవాడు మా ఇంట్లో ఇలా చేశాడు, అలా చేశాడు అని మొత్తుకుంటారు. చిన్నప్పుడు నేను పూర్తిగా కృష్ణుడి పక్షం. ఇప్పుడు చదివితే నాకు గోపికలు కనిపిస్తున్నారు. వాళ్లకి ఆ వెన్న తినే వస్తువు మాత్రమే కాదు కదా, బతుకుతెరువు.

ఇది నా ఊహ కాదు. పాత తమిళ సంగం సాహిత్యంలో పెరుంబాణాట్రుప్పడై అని ఒక కావ్యం ఉంది. కంచిని ఏలిన తొండైమాన్ ఇళందిరైయన్ మీద రాసింది. అందులో ఒక గొల్ల ఇల్లాలు కనిపిస్తుంది. తెల్లారకముందే పెరుగు చిలుకుతుంది, మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి వెళ్తుంది, మజ్జిగకి బదులుగా ధాన్యం తెచ్చి ఇంటిల్లిపాదికీ వండిపెడుతుంది. నెయ్యికి బదులు బంగారం ఇస్తామంటే తీసుకోదు. పాడిగేదె, ఆవు, పెయ్యదూడ కొంటుంది. గమనించారా? మజ్జిగతో ఇవాళ్టి అన్నం, నెయ్యితో రేపటి ఆస్తి. రెండూ ఆమె చేతిలోనే. మన కూచిపూడి గొల్లకలాపంలో కూడా చల్లమ్మే గొల్లభామే బ్రాహ్మణుడితో ఎదురు నిలిచి వాదిస్తుంది. తన సంపాదన తనకున్న మనిషికి మాట కూడా ఉంటుంది మరి.

మా అమ్మమ్మది పల్నాడు. రెండు గేదెలు. దాలిలో పిడకల సెగ మీద పాలు ఎర్రగా కాగేవి. రెండు రోజులకోసారి కవ్వం ఆడేది. వెన్న పోగు చేసి, కాచి, నెయ్యి అమ్మేది. ఆ డబ్బు బియ్యం డబ్బాలో అడుగున ఉండేదట. తాతయ్య పత్తి డబ్బు లెక్క అడిగేవాడు, పొలం డబ్బు లెక్క అడిగేవాడు, నెయ్యి డబ్బు మాత్రం ఎప్పుడూ అడగలేదు. మా అమ్మ చెవికమ్మలు ఆ డబ్బా అడుగు నుంచే వచ్చాయి. "కవ్వమాడే ఇంట కరువుండదు" అనేది ఆవిడ.

మజ్జిగ మాత్రం అమ్మేది కాదు. గేదె లేని ఇళ్ల పిల్లలు పొద్దున్నే ముంతలు పట్టుకుని వచ్చేవాళ్లు. "చల్లకొచ్చి ముంత దాచినట్టు" అనే సామెత అక్కడి నుంచి వచ్చిందే. అడగడానికి మొహమాటపడి ముంత వెనక్కి దాచుకునే మనిషిని ఒక్కసారి కళ్ల ముందు ఊహించుకోండి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అందరికీ ఒకేలా పోసేవాళ్లు కాదు. కొందరి ముంతకి గిన్నె తగలకుండా పైనుంచి పోసేవాళ్లు. అదీ మా ఇంటి చరిత్రే. అమ్మమ్మ చెయ్యి మంచిది అని చెప్పి, ఆ చెయ్యి ఎంత ఎత్తులో ఉండేదో దాచేస్తే అది చరిత్ర అవదు.

ఇక ఈ కథలోకి మెషిన్ ఎలా వచ్చిందో చూద్దాం. 1878లో స్వీడన్‌కి చెందిన గుస్తాఫ్ ద లావాల్ పాలని గిర్రున తిప్పి మీగడని వేరుచేసే సెపరేటర్ తయారుచేశాడు. గంటల తరబడి మీగడ తేలే దాకా ఆగాల్సిన పని లేకుండా పోయింది. వెన్న తీయడం వంటింట్లోంచి ఫ్యాక్టరీకి మారడానికి అదే దారి. మన దేశంలో ఆ దారి గుజరాత్‌లోని ఆనంద్ మీదుగా వెళ్లింది. అక్కడ పాలు కొనే పెద్ద కంపెనీ పోల్సన్. పోల్సన్ వెన్న అంటే అప్పట్లో చాలా పేరు. పాల ధర విషయంలో రైతులు తిరగబడ్డారు. త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో 1946లో ఖేడా జిల్లా పాల సహకార సంఘం రిజిస్టర్ అయింది. 1949లో వర్గీస్ కురియన్ ఆనంద్ వచ్చారు. ఆ సంఘమే తర్వాత అమూల్ అయింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. కురియన్ తన ఆత్మకథలో చెప్పిందే. పోల్సన్ వెన్న నిల్వ ఉండి పులిసిన క్రీమ్‌తో చేసేవాళ్లు, ఉప్పు కూడా ఉండేది. అమూల్ వాళ్లు తాజా క్రీమ్‌తో వెన్న చేస్తే జనానికి చప్పగా అనిపించింది. చివరికి ఉప్పు, డైఅసిటైల్ అనే పదార్థం కలపాల్సి వచ్చింది. ఈ డైఅసిటైల్ ఏంటంటే, వెన్నకి ఆ కమ్మటి వాసన ఇచ్చేది. పెరుగులో ఉండే కొన్నిరకాల సూక్ష్మజీవులు దాన్ని వాటంతటవే తయారుచేస్తాయి. అంటే అమ్మమ్మ కుండలో రాత్రికి రాత్రి తోడు చేసే పనినే ఫ్యాక్టరీలో విడిగా కలిపారన్నమాట.

1965లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. పాలు ఊళ్ల నుంచి పట్నాలకి ప్రవహించడం మొదలుపెట్టాయి. మా అమ్మ హైస్కూల్లో ఉండగా వాళ్ల ఊరికి కూడా పాలకేంద్రం వచ్చింది. పొద్దున, సాయంత్రం క్యాన్లు. చిన్న సీసాలో పాలు తీసి టెస్ట్ చేసి కొవ్వు ఎంతుందో చెప్పేవాళ్లు. దాన్ని మన ఊళ్లలో ఇప్పటికీ ఏమంటారో తెలుసా? "వెన్న శాతం." "ఇవాళ నీకు వెన్న ఎంతొచ్చింది?" "ఆరున్నర." మాట అదే, కానీ వెన్న ముద్దగా చేతిలోకి రావడం మానేసి అంకెగా పుస్తకంలోకి వెళ్లింది.

ఆ పుస్తకం తాతయ్య పేరు మీద ఉండేది. కేంద్రం దగ్గర క్యూలో నిలబడేది మగవాళ్లు కాబట్టి అలా రాశారు, ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. గేదెకి గడ్డి వేసేది అమ్మమ్మ, పాలు పితికేది అమ్మమ్మ, పదిహేను రోజులకోసారి డబ్బు తెచ్చేది తాతయ్య. బియ్యం డబ్బా అడుగున బియ్యమే మిగిలాయి. కవ్వం అటక ఎక్కింది. చిలకనప్పుడు మజ్జిగ ఎక్కడిది? కొన్నాళ్లకి ముంతలు రావడం ఆగిపోయింది.

ఇదంతా నేను బాధగా చెప్తుంటే అమ్మ ఫోన్‌లో నన్ను ఆపేసింది. "పాట పాడకు. మా అమ్మకి భుజం నొప్పి ఎట్లుండేదో నీకేం తెలుసు? నెయ్యి కొనేవాళ్లు దొరక్క ఎన్ని రోజులు పెట్టుకుని కూర్చుందో తెలుసా? నా ఇంటర్ ఫీజు పాలకేంద్రం డబ్బుతోనే కట్టారు. పదిహేను రోజులకి ఖచ్చితంగా వచ్చేది." నిజమే. నేను ఇవాళ మీ ముందు ఇలా మాట్లాడుతున్నానంటే దాని వెనకాల ఆ వెన్న శాతం ఉంది. నేను "మరి పుస్తకం?" అన్నాను. అమ్మ కాసేపు ఆగి, "అదొక్కటి అమ్మ పేరున ఉంటే బాగుండేది" అంది.

అది అసాధ్యమేం కాదు. తెలంగాణలో ములుకనూరు ఉంది కదా, ఒకప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. అక్కడ 2000లో మహిళా సహకార డెయిరీ మొదలైంది. సభ్యులు మహిళలే, నడిపించే పాలకవర్గం మహిళలే, పాల డబ్బు వాళ్ల పేరు మీదే. అక్కడా పాలు క్యాన్లలోనే వెళ్తాయి, అక్కడా వెన్న శాతమే చూస్తారు. తేడా అంతా పుస్తకం మీద రాసిన పేరులో ఉంది.

సరే, ఇప్పుడు చెప్పిన మాట ప్రకారం బెల్లం వెన్న. గేదెపాలు కాచి చల్లారాక పైన కట్టే మీగడని ఒక డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడుతూ ఉండండి. వారం, పది రోజులకి డబ్బా నిండుతుంది. బయటపెట్టి చల్లదనం పోయాక ఒక చెంచా పెరుగు కలిపి రాత్రంతా వదిలేయండి. ఆ వాసన కోసమే ఈ తోడు. పొద్దున్నే మళ్లీ కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ముద్ద పడకపోతే కంగారు పడకుండా ఐస్ నీళ్లు పొయ్యండి. వెన్న తేలాక చల్లటి నీళ్లలో రెండు మూడు సార్లు కడగండి. మజ్జిగ లోపల మిగిలిపోతే వెన్న త్వరగా పాడవుతుంది.

200 గ్రాముల వెన్నకి 50 గ్రాముల మెత్తటి పొడిబెల్లం, పావు చెంచా యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. బెల్లం పాకం పెట్టొద్దు, నీళ్లు కలిపితే వెన్న విరిగినట్టు అవుతుంది. వెన్నని వేలితో నొక్కితే దిగేంత మెత్తగా అవనివ్వండి, కరగనివ్వొద్దు. ముందు వెన్న ఒక్కదాన్నే విస్కర్‌తో ఐదు నిమిషాలు గిలక్కొట్టండి. లోపలికి గాలి చేరి తెల్లగా, తేలిగ్గా పొంగుతుంది. అప్పుడు బెల్లం కొంచెం కొంచెంగా వేస్తూ ఇంకో రెండు నిమిషాలు. విస్కర్ లేకపోతే చెక్క గరిటె, కొంచెం ఓపిక. వేడి సజ్జరొట్టె మీద పెట్టుకుని చూడండి. ఫ్రిజ్‌లో పెట్టి వారం లోపు తినేయండి.

ఆ ఆదివారం కాల్ పెట్టేసే ముందు అమ్మ, "మజ్జిగ ఏం చేశావ్?" అని అడిగింది. సింక్‌లో పారబోశాను. అదే చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. కొంచెం ఆగి, "ఈసారి ఎవరికన్నా ఇవ్వు" అంది.

నిన్న మళ్లీ చేశాను. మజ్జిగలో ఉప్పు, అల్లం వేసి ఒక బాటిల్‌లో పోసి ఎదురింటి ఆంటీకి ఇచ్చాను. మూడేళ్లుగా ఎదురుబొదురుగా ఉంటున్నాం, ఆవిడతో మాట్లాడటం అదే మొదటిసారి. సాయంత్రం బాటిల్ తిరిగొచ్చింది, దానితో పాటు కుండీలో పెంచిన కరివేపాకు కూడా. ఆవిడది నెల్లూరు దగ్గర పల్లెటూరట. వాళ్లమ్మ కూడా చల్ల చిలికేదట.

మీ ఇంట్లో కవ్వం ఎవరు పట్టుకునేవాళ్లో, ఆ నెయ్యి డబ్బు ఎవరి దగ్గర ఉండేదో ఇవాళే అడిగి తెలుసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్కారం.