కల్లు: ఏ చెట్టుది?

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఆ కల్లు అచ్చమైన ద్రావిడ మాట. తమిళంలో కళ్, కన్నడంలో కళ్ళు. అక్కడ నిలిచిన ‘ళ’ మన దగ్గర ‘ల’ అయింది. కల్లుప్పులోని కల్లు మాత్రం వేరు, అది రాయి.

ఇంగ్లీషు ‘టాడీ’ హిందీ ‘తాడీ’ నుంచి వచ్చింది, దాని వెనక సంస్కృత ‘తాల’ ఉంది. ఆ పేరులోనే చెట్టుంది. మన మాటలో చెట్టు లేదు కాబట్టి విడిగా చేర్చుకుంటాం: తాటికల్లు, ఈతకల్లు. తాటిలో మళ్లీ కాయ కాయని పోతుతాడు, కాపు కాసే పండుతాడు. ఆంధ్రలో ధరణికోట పొలాల వైపైనా, తెలంగాణలోనైనా కల్లు తెలిసిన మనిషి ముందడగాల్సింది ‘ఏ చెట్టుది?’ అనే. వేరే చెట్ల కల్లు కలపని ఒంటిచెట్టు కల్లుకు అంత విలువ అందుకే.

ఏ హాప్ రుచి ఏదో తెలుసుకోవాలంటే ఇంట్లో బీరు కాచేవాళ్లదీ ఇదే పద్ధతి. మాల్టు, ఈస్టు మార్చకుండా, బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్ పువ్వును ఒక్కోసారి ఒక్క రకమే వేస్తారు. కాస్కేడ్ రకం వేస్తే పంపరపనస వాసన, సాజ్ రకం వేస్తే మసాలా ఆకుల ఘాటు. హాప్ తీగల్లోనూ ఆడ, మగ వేరు. బీరుకు ఆడపువ్వే కావాలి. తాటిలో రెండూ గీతకు వస్తాయి, నాకు ఇదే ముచ్చటగా ఉంటుంది.

మళ్లీ కల్లు దగ్గరికొస్తే, చెట్టుకు కట్టే కుండలో సున్నం పూస్తే పులియదు, అది నీరా. పూయకపోతే చెట్టు మీదే పులియడం మొదలవుతుంది. రెండు చెట్ల తేడా తెలియాలంటే పొద్దున్నే, దింపిన వెంటనే రుచి చూడాలి. మధ్యాహ్నానికి పులుపు ఆ తేడాను మింగేస్తుంది.