తీసేసిందేమిటో చూసి కొన్నవాళ్లు

1979 జులై 1న సోనీ కంపెనీ జపాన్‌లో అమ్మకానికి పెట్టిన వాక్‌మన్‌లో కొత్తగా కనిపెట్టింది దాదాపు ఏమీ లేదు. విలేకరుల కోసం అప్పటికే తయారుచేస్తున్న ప్రెస్‌మన్ అనే చిన్న టేప్ రికార్డరులోంచి రికార్డు చేసే భాగాన్ని, స్పీకరును తీసేశారు. ఆ ఖాళీలో స్టీరియో ఆంప్లిఫైయరును అమర్చి, తేలికైన హెడ్‌ఫోన్‌ను జతచేసి 33,000 యెన్ల ధర పెట్టారు. రికార్డు చేయని టేపు మిషన్ను ఎవరు కొంటారని కంపెనీలోపలే అనుమానపడ్డారు. మొదటి నెలలో మూడు వేలే అమ్ముడుపోయాయి, ఆ తర్వాత ప్రపంచమంతా ఎగబడింది. సరిగ్గా అవే ఏళ్లలో తెలంగాణలోని చందుర్తి, రుద్రంగి, కథలాపూర్, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ దారి పట్టారు. 1973లో చమురు ధరలు పెరిగాక అక్కడ కట్టడాలు లేచాయి, కూలీలు కావలసివచ్చారు, జపాన్ సరుకుతో అంగళ్లు నిండాయి. ఆ అంగళ్లలో వాక్‌మన్ కూడా ఉంది. కానీ సెలవు మీద ఇంటికొచ్చే మనిషి సామానులో పేరుపడ్డది వాక్‌మన్ కాదు, రేడియో, టేపు రెండూ ఉన్న టూ ఇన్ వన్. బరువెక్కువ, సెల్లు ఎక్కువ తింటుంది, జేబులో పట్టదు. అయినా దాన్నే మోసుకొచ్చారు. దీన్ని వెనకబాటుతనమనో, దర్పమనో కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం ఇందులో మంచి వివేకం కనిపిస్తుంది. ఒక యంత్రం కొత్త రూపంలో వచ్చినప్పుడు అందులో ఏం చేర్చారో అమ్మేవాడే చెప్తాడు. ఏం తీసేశారో కొనేవాడు వెతుక్కోవాలి. ఈ ప్రాంతం పాట వినే పెట్టెలను ఎంచుకున్న చరిత్రంతా ఆ వెతుకులాటే.

వెనక్కి వెళ్తే, హైదరాబాదులో 1930లలో మొదలైన రేడియో కేంద్రం 1935లో నిజాం ప్రభుత్వం చేతిలోకి వచ్చి దక్కన్ రేడియోగా నడిచింది, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. ఆనాటి పెట్టెలు గాజు వాల్వులవి. కరెంటు ఉన్న ఇంట్లో, పొడుగాటి ఏరియలు తీగ కట్టుకుంటే పలికేవి. కరెంటు లేని ఊళ్లకు వాల్వు సెట్లు లేకపోలేదు గానీ వాటికి తొంభై వోల్టుల పెద్ద బ్యాటరీ డబ్బా వేరే కావాలి. అందుకే పల్లె మొదట రేడియో విన్నది చాలావరకు పంచాయతీ ఆఫీసు ముందు, సర్కారు ఇచ్చిన ఉమ్మడి సెట్టు దగ్గర. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టరు ఈ లెక్కను మార్చింది. 1954లో వచ్చిన రీజెన్సీ టీఆర్-1లో ఉన్నవి నాలుగే ట్రాన్సిస్టర్లు. ధ్వనిలో అది మంచి వాల్వు సెట్టుకు ఏమాత్రం సాటిరాదు, చిన్న స్పీకరులోంచి గొంతు ముక్కుతో పాడినట్టు వచ్చేది. అయినా ఆ జాతి సెట్లే గెలిచాయి. తీసేసినవాటి జాబితా అక్కడ కొనేవాడి పక్షాన ఉంది మరి. గోడకున్న కరెంటు పోయింది, ఏరియలు తీగ పోయింది, వాల్వు వేడెక్కేదాకా కాచుకోవడం పోయింది. పొలం గట్టు మీద, ఎడ్లబండి మీద వినగలిగాక గొంతు కాస్త సన్నబడితే ఏం? 1957 అక్టోబరులో వివిధభారతి మొదలయ్యాక ఆ సన్నని గొంతుకే గిరాకీ. పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టే బాధ మాత్రం 1980లదాకా ట్రాన్సిస్టరునూ వదల్లేదు. ఎంత చిన్నదైనా సర్కారు కంటికి అదీ రేడియోనే!

ఇక టూ ఇన్ వన్ సంగతి. 1963లో ఫిలిప్స్ బయటపెట్టిన క్యాసెట్టు పాట కోసం పుట్టింది కాదు, మాట పట్టుకోవడానికి పుట్టింది. సెకనుకు 4.76 సెంటీమీటర్ల నిదాన వేగంతో నడిచే ఆ సన్నని రీలు సంగీతానికి పనికొస్తుందని మొదట్లో తయారుచేసినవాళ్లే గట్టిగా అనుకోలేదు. గల్ఫ్ వలస ఉన్న ప్రాంతాల్లో అది మాట మోసే పనికే మళ్లీ ఎక్కింది. ఉత్తరం రాయడం రాని భార్య, చదవడం రాని తల్లి, క్యాంపులో రాసిపెట్టే సోపతిగాడి కోసం ఎదురుచూసే కొడుకు: వీళ్ల నడుమ క్యాసెట్టే కమ్మ అయింది. 1991 జనగణన నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అక్షరాస్యత 32.7 శాతమే, పల్లెల్లో ఇంకా తక్కువ. ఇంకొకరి చేత రాయించే ఉత్తరంలో మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకోగలరు? అరవై నిమిషాల క్యాసెట్టు ఒక వైపు అరగంట మాట పడుతుంది. పిల్లల అల్లరి, కోడికూత, బర్రె అరుపు, మధ్యలో ఏడుపు కూడా అందులోనే. ఊరికి పోయేవాడి సంచిలో పడేస్తే చేరుతుంది, విన్నాక దానిమీదే జవాబు నింపి వెనక్కి పంపొచ్చు. ఈ వ్యవహారం మొత్తానికి ఆధారం ఎర్ర గుర్తున్న ఒక్క మీట, పెట్టె ముందు భాగంలో చిన్న చిల్లు వెనక ఉన్న మైకు. వాక్‌మన్ తీసేసింది సరిగ్గా ఆ రికార్డు మీటనే. టోక్యోలో రైలెక్కే కుర్రవాడికి అక్కర్లేని మీట మస్కట్ క్యాంపు కూలీకి కొంప. స్పీకరు మాట కూడా అంతే. కొడుకు గొంతు వచ్చిందంటే ఇల్లంతా, ఒక్కోసారి వాడకట్టంతా చుట్టూ కూర్చుంటుంది. చెవికి పెట్టుకునే యంత్రంతో ఆ పని కాదు. సోనీవాళ్లకూ ఈ సంగతి కొంత తట్టినట్టే ఉంది. మొదటి వాక్‌మన్‌కు ఇద్దరు కలిసి వినడానికి రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు, పాట తగ్గించి పక్కవాడితో మాట్లాడుకోవడానికి ఒక నారింజ రంగు మీట పెట్టారు. తర్వాతి రూపాల్లో ఆ మీట, ఆ రెండో రంధ్రం ఎగిరిపోయాయి. యంత్రం సన్నబడినకొద్దీ పక్కమనిషికి చోటు తగ్గిందన్నమాట.

టేపు పెట్టెలు ఈ దేశానికి గల్ఫ్ కూలీల చేతిలో వచ్చిన తీరును సంగీత పరిశోధకుడు పీటర్ మాన్యుయెల్ 1993లో అచ్చయిన క్యాసెట్ కల్చర్ గ్రంథంలో గుర్తించాడు. గ్రామఫోను కంపెనీ గుత్తాధిపత్యం పోయి చిన్న చిన్న క్యాసెట్టు కంపెనీలు, ప్రాంతీయ పాటలు లేవడానికి ఆ పెట్టెలూ ఒక కారణమని ఆయన వాదన. ఆ మాట ఇక్కడ బాగా అతుకుతుంది. రికార్డు మీట ఉన్న పెట్టె ఇంట్లో ఉందంటే వినేవాడు తయారుచేసేవాడు కూడా కాగలడు. జననాట్యమండలి పాటలు చేతులు మారడానికి, ఒగ్గుకథను రాత్రి జాతరలో పట్టుకొచ్చి పగలు ఇంట్లో వినడానికి ఆ మీటే దారి. వేములవాడ పక్కన హన్మాజీపేట మిద్దె రాములు వంటి ఒగ్గు కళాకారుడి గొంతు మైకు లేకుండానే మైదానం దాటిపోయే రకం. అలాంటి గొంతును చవక టేపు సగమే పట్టుకుంటుంది. ఆ సగానికే జనం సంతోషించారు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, బలమైనదే. ఎంచుకోవడమంటున్నావు గాని ఎంచుకునే వెసులుబాటు కూలీకి ఎక్కడిది, ధర, కస్టమ్స్ సుంకం, చుట్టాల ముందు పరువు, ఇవే కదా నిర్ణయించాయి అనవచ్చు. పరువు పాత్ర కాదనను. పెట్టె పెద్దదైతే చూసేవాళ్లకు కనబడుతుంది. కానీ వాక్‌మన్‌కన్నా టూ ఇన్ వన్ చవకేమీ కాదు, మోతబరువు ఎక్కువ, కస్టమ్స్ కంట్లో పడేదీ అదే. డబ్బు, బరువు మాత్రమే లెక్కయితే చిన్నదే గెలవాలి. పరువు కోసమే కొన్నదైతే బీరువా మీద గుడ్డ కప్పుకుని ఉండాలి, రీలు అరిగి హెడ్డు మీద మురికి పేరుకునేంతగా దాన్ని వాడి ఉండరు. ఇంకో అభ్యంతరం: పాతదాన్ని పట్టుకు వేలాడటం అలవాటు తప్ప విచక్షణ కాదని. దానికి జవాబు ఆ పెట్టె చావులోనే ఉంది. ఎస్‌టీడీ బూత్‌లు పెరిగాక మాట పంపే క్యాసెట్టు పలచబడింది. 2003 మే 1 నుంచి దేశంలో సెల్‌ఫోనుకు వచ్చే కాల్‌కు డబ్బు కట్టనక్కర్లేకుండా పోయింది. అవతల గల్ఫ్‌లో కార్డు కొని మాట్లాడేవాడే భరించాలి, ఇవతల ఇంట్లో ఫోను ఉంటే చాలు. ఇరవై ఏళ్లు కుటుంబాలను కలిపి ఉంచిన యంత్రాన్ని కొద్ది ఏళ్లలోనే ఏ బెంగా లేకుండా అటకెక్కించారు. అలవాటుకు బానిసైనవాళ్లు అలా చేయరు. మాట మోసే పని ఇంకోటి మెరుగ్గా చేస్తుందని తేలగానే వదిలేశారు, పని జరగనంతకాలం వదల్లేదు.

ఆ తర్వాత వచ్చిన చైనా ఫోన్ల గురించి రెండు మాటలు చాలు. పెద్ద మోత చేసే స్పీకరు, చిప్పు పెట్టుకునే చోటు, విప్పితే మారే బ్యాటరీ. పేరున్న కంపెనీల ఫోన్లు ఒక్కొక్కటిగా కుదించుకుంటున్నవన్నీ ఇందులో ఉన్నాయి. ఐఎంఈఐ నంబరు లేని ఫోన్లను 2009 డిసెంబరు నుంచి సర్కారు పనిచేయకుండా ఆపేదాకా వాటికి తిరుగులేదు.

ఇప్పుడు చెవి దగ్గరి ఆంప్లిఫైయరుకు వద్దాం. హెడ్‌ఫోన్ కోసం జేబులో పట్టే ఆంప్లిఫైయరు అనే ప్రత్యేక వస్తువు 1990లలో అమెరికాలో హెడ్‌రూమ్ అనే సంస్థతో వ్యాపారమైంది. వాక్‌మన్‌లాంటి పెట్టెల్లో ఆంప్లిఫైయరు బలహీనం, స్టూడియో తరహా హెడ్‌ఫోన్లు దానికి మొండికేస్తాయి, నడుమ ఒకటి తగిలిస్తే సరి అన్నది దాని తర్కం. ఆ దశాబ్దం చివర్లో చు మోయ్ అనే అతను తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న సర్క్యూటు గీసి అందరికీ ఇచ్చేశాడు. జనం దాన్ని పిప్పరమెంటు డబ్బాలో బిగించుకున్నారు. 2011లో పేరు చెప్పుకోని ఒక ఇంజనీరు ఆబ్జెక్టివ్ 2 అనే నమూనాను కొలతలతో సహా బయటపెట్టాడు. ఖరీదైన సరుకుతో సమానమైన ఫలితం చవకలో వస్తుందని లెక్కలతో చూపడం అతని పంతం. 2015లో ఇంగ్లండు కంపెనీ కార్డ్ మోజో అనే జేబు ఆంప్లిఫైయరును, 2022లో మోజో 2ను తెచ్చింది. మధ్యలో 2016లో ఐఫోన్ 7 హెడ్‌ఫోన్ రంధ్రాన్నే మూసేసింది. అంతకుముందు ఫోను కడుపులో ఉన్న ఆంప్లిఫైయరు తొమ్మిది డాలర్ల అడాప్టరు తోకగా బయటికొచ్చింది. తీసేసినదాన్నే మళ్లీ అమ్మడం ఇంత బాహాటంగా అంతకుముందు జరగలేదు.

ఇక్కడే ధ్వని పక్షపాతులు అడ్డుపడతారు. కొత్త రూపాల్లో రొద, వక్రత (డిస్టార్షన్) కొలిస్తే తగ్గాయి కదా, అది లెక్కలోకి రాదా? వస్తుంది, ఒక గీత దాకా. ముప్ఫై రెండు ఓముల మామూలు ఇయర్‌ఫోన్, ఒక మిల్లీవాటుకు నూరు డెసిబెళ్లు ఇచ్చే రకం అనుకుందాం. దానికి ఆ మిల్లీవాటు అందడానికి 0.18 వోల్టు చాలు. ఇది ఏ ఫోనైనా ఇస్తుంది. మూడువందల ఓముల స్టూడియో హెడ్‌ఫోన్‌కు అదే మిల్లీవాటు కోసం 0.55 వోల్టు కావాలి. అలాంటివాడికే వేరే ఆంప్లిఫైయరుతో పని. ఇంకో పది డెసిబెళ్లు కావాలంటే పదిరెట్ల శక్తి పెట్టాలి, అంత మోత చెవికి క్షేమమా అన్నది వేరే ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పెట్టిన హద్దు ప్రకారం వారానికి నలభై గంటలైతే ఎనభై డెసిబెళ్లు దాటకూడదు, మూడు డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. తొంభై డెసిబెళ్లు తరచూ దాటే మరమగ్గాల షెడ్డులో పనిచేసే సిరిసిల్ల కార్మికుడు ఆ రొద మీద పాట వినాలని పవర్‌ఫుల్ ఆంప్లిఫైయరు తగిలిస్తే చెవులకు రెండో మగ్గం పెట్టుకున్నట్టే. అతనికి కావలసింది బయటి చప్పుడును ఆపే ఇయర్‌ఫోన్ తప్ప కొత్త రూపపు శక్తి కాదు. ధ్వని మెరుగుదల నిజమే, కానీ వినేవాడి చెవి, హెడ్‌ఫోన్, చోటు పెట్టే గీత దాటాక అది ప్రకటనలో మాత్రమే వినిపిస్తుంది.

కాబట్టి ఇప్పుడు కొనేవాడు అడిగే మోజోనా, మోజో 2నా అన్న ప్రశ్నకు కూడా టూ ఇన్ వన్ తెచ్చినవాళ్ల పద్ధతే వాడతాను. రెండో రూపం స్వరాన్ని సవరించుకునే వీలును, కొత్త యూఎస్‌బీ-సీ రంధ్రాన్ని చేర్చింది, పాత మైక్రో యూఎస్‌బీ రంధ్రాన్ని తీసేయకుండా ఉంచింది. ఇది అరుదైన మర్యాద. పాత వైరు ఉన్నవాడు నష్టపోడు. పాటను ఉన్నదున్నట్టు వినేవాడికి సవరణతో పెద్ద పని లేదు గనుక మొదటిది సగం ధరకు దొరికితే అదే మేలనిపించవచ్చు. కానీ రెంటిలోనూ కంపెనీ తీసేసింది ఒకటుంది. చు మోయ్ డబ్బాలో చచ్చిన తొమ్మిది వోల్టుల బ్యాటరీని చందుర్తి కిరాణా కొట్టు ముందు నిలబడి మార్చుకోవచ్చు. మోజోలో బ్యాటరీ లోపల బిగించి ఉంటుంది, లిథియం ఏదైనా కొన్నేళ్లకు ఉబ్బుతుంది లేదా నీరసిస్తుంది. 2015 నాటి సరుకును సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాడు వక్రత శాతం అడిగి లాభం లేదు. ఆ బ్యాటరీ దొరుకుతుందా, విప్పి మార్చిపెట్టేవాడు జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో ఉన్నాడా అని కనుక్కోవాలి. లేకపోతే, అతని హెడ్‌ఫోన్ ముప్ఫై రెండు ఓములదే అయితే, తొమ్మిది డాలర్ల తోకతో సరిపెట్టుకోవడం మేలు.