4.6 బొమ్మల భద్రత: తిరునాళ్ల నుంచి చట్టం దాకా

నంద్యాల దగ్గర మహానందిలో శివరాత్రి, ఆళ్లగడ్డ దగ్గర అహోబిలంలో ఫాల్గుణ బ్రహ్మోత్సవాలు అంటే పిల్లలకు ముందు గుర్తొచ్చేది బొమ్మల దుకాణమే. తిరునాళ్లు ముగియగానే దుకాణం మరో ఊరికి వెళ్లిపోతుంది. బొమ్మకు రసీదు ఉండదు. దాని చిన్న చక్రం ఊడి పిల్లవాడి గొంతులో ఇరుక్కుంటే బాధ్యత ఎవరిది? బొమ్మల భద్రత చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే నడిచింది.

కొనేవాడే చూసుకోవాలన్నది పాత పద్ధతి. ప్రమాదకర వస్తువుల నుంచి రక్షణ పొందడం వినియోగదారుని హక్కు అని 1986 చట్టం గుర్తించింది. 2007 ఆగస్టులో రంగులో సీసం ఉన్నందున మాటెల్ సంస్థ ఒక్క అమెరికాలోనే సుమారు 9,67,000 బొమ్మలను వెనక్కి పిలిచింది. దీన్నే 'రీకాల్' అంటారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. భారతదేశం 2009 జనవరిలో చైనా బొమ్మల దిగుమతిని ఆరు నెలలపాటు నిషేధించి, మార్చిలో ఆ నిషేధాన్ని సడలించింది.

2020 ఫిబ్రవరిలో వెలువడిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలైంది. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరైంది. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకు మినహాయింపు లభించింది. అలాంటి ఏటికొప్పాక బొమ్మలకు చెట్ల నుంచి తీసిన రంగులు వాడటం, చట్టం ఒత్తిడి లేకున్నా భద్రత సాధ్యమని చూపింది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలైలో ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థకు ప్రమాదకర వస్తువులను వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం ఉంది. ఫిర్యాదును జిల్లా కలెక్టరుకూ ఇవ్వవచ్చు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడటంతో ఆళ్లగడ్డ వాసులు ఇందుకోసం కర్నూలుకు వెళ్లనవసరం లేకపోయింది.

అయితే రీకాల్ ఉత్తర్వు అందుకోవడానికి ఒక చిరునామా కావాలి. తయారీదారు పేరు లేని బొమ్మ విషయంలో చట్టం ఇంకా తిరునాళ్ల దుకాణం ముందే నిలబడి ఉంది. అందుకే రసీదు అడగడం, గుర్తు చూడటం చిన్న విషయాలు కావు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

మీ ఇంట్లోని మూడు బొమ్మలను పరిశీలించండి. వాటిలో ఎన్నింటిని రీకాల్ చేయడం సాధ్యం? కారణాలు రాయండి.