ఇరవయ్యొక్క గడుల కాగితం

తల్లి వాడిన మత్తుమందు అందక అల్లాడే పసికందులకు వేసే ఫిన్నెగన్ స్కోరు, ఇప్పుడు మా వార్డులో చేరే కుర్ర నర్సులకు ఎప్పుడో చదివిన పాఠం. నేను గుంటూరులో జీఎన్ఎం నర్సింగ్ చదివి, ఎన్‌క్లెక్స్ లైసెన్సు పరీక్ష రాసి, వెస్ట్ వర్జీనియా వచ్చేనాటికి మాత్రం మా రాత్రి డ్యూటీ అంతా దాని చుట్టూనే తిరిగేది. నాలుగు గంటలకోసారి ఉయ్యాల పక్కన కాగితం పట్టుకుని నిలబడాలి. కీచుగొంతుతో ఏడుస్తోందా, రెండు. ఆ ఏడుపు ఆగనే ఆగదా, మూడు. పాలు తాగి గంటైనా పడుకోలేదా, ఇంకో మూడు. తుమ్ములు, ఆవలింతలు, ముక్కుదిబ్బడ, వణుకు, నీళ్ల విరేచనాలు... అన్నీ కలిపి 21 లక్షణాలు. వరసగా మూడుసార్లు ఎనిమిదో ఆపైనో వచ్చిందంటే మార్ఫిన్ చుక్కలు మొదలుపెట్టేవాళ్లం. ఆవలింతకు కూడా మార్కు వేసే ఉద్యోగం ఇంకెక్కడుంటుంది!

ఆ కాగితం ఫిలడెల్ఫియాలో పుట్టింది. అక్కడి జనరల్ ఆసుపత్రి నగరపాలక సంస్థది, పేదల ఆసుపత్రి. హెరాయిన్ వాడే తల్లులకు పుట్టి, బొడ్డు కోయగానే ఆ మందు అందక అల్లాడే పిల్లలు అక్కడ కనబడేవారు. డాక్టర్ లొరెట్టా ఫిన్నెగన్ వాళ్ల లక్షణాలను గమనించి, మార్కులు కట్టి, 1975లో ప్రచురించారు. రెండేళ్లకు ఆ ఆసుపత్రి మూతపడింది. కాగితం మాత్రం దేశమంతా పాకింది.

పసివాళ్ల నోట్లో నల్లమందు పడటం అంతకు చాలా ముందునుంచీ ఉంది. 1849లో మెయిన్ రాష్ట్రంలో మొదలైన మిసెస్ విన్‌స్లో సూదింగ్ సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. పళ్లొచ్చే పిల్లలు ఊరుకుంటారని దాన్ని బాహాటంగా అమ్మేవారు. సీసా మీద ఆ సంగతి రాసి తీరాలన్న చట్టం 1906లో గానీ రాలేదు. మా నాయనమ్మది గోదావరి లంక. కూలికెళ్లే తల్లులు బిడ్డ నాలుకకు నల్లమందు రాసి చెట్టుకొమ్మ ఉయ్యాల్లో వేసి వెళ్లేవారని చెప్పేది. ఆమె గొంతులో నింద ఉండేది కాదు. నాట్లు ఆగవు కదా.

నింద ఇక్కడ, అమెరికాలో మా వైపు నుంచే ఎక్కువ వచ్చింది. 1996లో నల్లమందు జాతికి చెందిన ఆక్సీకాంటిన్ బజారులోకి వచ్చాక అలాంటి నొప్పిమాత్రలు బొగ్గుగనుల ఊళ్లను ముంచేశాయి. అమెరికాలో వెయ్యి కాన్పులకు 2000లో 1.2గా ఉన్న ఇలాంటి పిల్లల సంఖ్య 2012కి 5.8 అయింది. 2014లో టెనెసీ రాష్ట్రం, కడుపుతో ఉండగా మత్తుమందులు వాడిన తల్లులను అరెస్టు చేసేలా చట్టమే తెచ్చింది. రెండేళ్లకు దాని గడువు ముగిసింది. ఈలోగా ఆసుపత్రికి రావడానికే భయపడ్డ గర్భిణులున్నారు. వార్డులో మేమూ అదే మనసుతో ఉండేవాళ్లం. తల్లిని ఇంటికి పంపి, బిడ్డను లైట్ల కింద, మానిటర్ల మోతలో పడుకోబెట్టి, ఎందుకు ఏడుస్తోందా అని మార్కులు వేసేవాళ్లం.

ఈ పద్ధతిని యేల్‌లో డాక్టర్ మాథ్యూ గ్రాస్‌మన్ బృందం తిరగేసింది. గది చీకటి చేసి, తల్లి పక్కనే ఉంచి, మూడే సంగతులు చూశారు: బిడ్డ తాగుతోందా, పడుకుంటోందా, ఎత్తుకుంటే ఊరుకుంటోందా. 2017లో వాళ్లు ప్రచురించిన లెక్కల్లో ఆసుపత్రి వాసం సగటున 22.4 రోజుల నుంచి 5.9కి, మార్ఫిన్ అవసరమైన పిల్లల వాటా 98 శాతం నుంచి 14కి పడిపోయాయి. 2023లో 26 ఆసుపత్రుల పరీక్ష కూడా ఆ దారినే బలపరిచింది.

ఇవన్నీ మొదటి నెల సంగతులు. తల్లులు నన్నడిగేది వేరు: "వీడు బాగా చదువుకుంటాడా?" జెరూసలెంలో ఆషర్ ఓర్నోయ్ బృందం 1990ల్లో సరిగ్గా ఆ ప్రశ్న మీదే కూర్చుంది. హెరాయిన్ తల్లులకు పుట్టి చిన్నప్పుడే దత్తుకెళ్లిన పిల్లల తెలివితేటలు మామూలు పిల్లలకు దాదాపు సమంగా ఉన్నాయి. కుదురులేనితనం మాత్రం కొంత ఎక్కువ. కన్నవాళ్ల దగ్గరే పెరిగినవాళ్లు వెనకబడ్డారు. తండ్రి ఒక్కడే వ్యసనపరుడైన ఇళ్లలోని పిల్లలూ వెనకబడ్డారు, కడుపులో ఉండగా వాళ్లకు ఏ మందూ తగలకపోయినా. నా మటుకు నాకు ఈ చివరి సంగతే అన్నిటికన్నా పెద్దది. అయితే దీన్ని చూపించి బిడ్డను లాక్కోవాలనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఇంటిని బాగుచేయడం అనే మార్గం కూడా ఉంది.

ఆస్ట్రేలియా లెక్కలు ఇంకాస్త కలవరపెడతాయి. మందు అందని ఆ బాధతో (విత్‌డ్రాయల్) పుట్టినట్టు రికార్డుల్లో ఉన్న 2,234 మంది న్యూ సౌత్ వేల్స్ పిల్లల బడి పరీక్షలను జూ లీ ఓయ్ బృందం 2017లో బయటపెట్టింది. మూడో తరగతిలోనే తేడా ఉంది. ఏడో తరగతికి వచ్చేసరికి వాళ్ల మార్కులు తక్కిన పిల్లల అయిదో తరగతి మార్కులకన్నా తక్కువ. తల్లిదండ్రుల్లో ఒకరైనా బాగా చదువుకున్న ఇళ్లలో నష్టం తగ్గింది.

1986 నాటి చట్టం పుణ్యమా అని అమెరికాలో మాటలు, నడక ఆలస్యమైన పిల్లల ఇంటికే థెరపిస్టులు వస్తారు. డిశ్చార్జి రోజు ఆ సేవలకు పంపే ఫారం నేనే నింపుతాను. మూడేళ్లు నిండితే ఆ రాకపోకలు ఆగిపోతాయి. ఆ తర్వాత ఏదైనా కావాలంటే బిడ్డకు వైకల్యం ఉందని స్కూల్ డిస్ట్రిక్ట్ ఒప్పుకోవాలి. కాస్త నెమ్మదిగా చదివే పిల్లవాడికి ఆ ముద్ర పడదు.